తొలిచూలులో మలేరియా: 23వ వారం నుంచి పురుడు దాకా నా అనుభవం

మొదటి వణుకు వచ్చింది 2025 ఆగస్టు 3, ఆదివారం మధ్యాహ్నం. అప్పటికి నాకు సరిగ్గా 23 వారాలు. తొలిచూలు. భోజనం చేసి పడుకున్నాను. పాదాల దగ్గర మొదలైన చలి పైకి పాకింది, పళ్లు టకటకా కొట్టుకున్నాయి. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. గంట తర్వాత చలి పోయి ఒళ్లు కాలిపోవడం మొదలైంది, థర్మామీటర్‌లో 103. ఆ తర్వాత బట్టలు పిండుకునేంత చెమట. సాయంత్రం ఆరింటికి ఏమీ జరగనట్టు లేచి కూర్చున్నాను. మోసపోయింది అక్కడే. లోపల బిడ్డ ఎప్పటిలాగే కదులుతోంది, జ్వరం తనంతట తనే దిగిపోయింది, ఇంక గొడవేముంది అనుకున్నాను.

ఈ ప్రాంతానికి మేం మారి ఎనిమిది నెలలే. ఇక్కడ మలేరియా ఉందని తెలుసు. దోమతెర కూడా ఉంది, కాకపోతే గర్భం వచ్చాక ఉక్కపోత భరించలేక సగం రాత్రులు దాన్ని పైకి చుట్టేసేదాన్ని. పక్కనే పడుకున్న మా ఆయన్ని ఒక్క దోమా కుట్టదు, నా కాళ్లు మాత్రం పొద్దున్నకి దద్దుర్లే. ఏదో సరదాగా అనుకునేవాళ్లం. ఇందులో నిజముందని తర్వాత చదివాను. 2000లో గాంబియాలో చేసిన ఒక పరిశోధనలో, గర్భిణుల దగ్గరికి మిగతా ఆడవాళ్ల దగ్గరికంటే రెట్టింపు దోమలు వచ్చాయి. నిండు నెలల్లో ఊపిరి ఎక్కువగా వదలడం, పొట్ట కాస్త వెచ్చగా ఉండటం కారణాలని వాళ్ల అంచనా. తెర చుట్టేసిన రాత్రులన్నీ గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

సోమవారం దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్లాం. మూత్ర పరీక్షలో చీము కణాలు కొంచెం ఎక్కువున్నాయన్నారు. నేనడిగితే మలేరియా కోసం రక్తం స్మియర్ కూడా తీశారు, అంటే రక్తం చుక్కని గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్‌లో క్రిమి కోసం చూడటం. నెగెటివ్. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాసి పంపేశారు. ఆ నెగెటివ్ కాగితం పట్టుకుని ఎంత నిశ్చింతగా ఇంటికొచ్చానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మలేరియా జ్వరంలో ఒక్క స్మియర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేదని కొట్టెయ్యకూడదు, 12 నుంచి 24 గంటల్లో మళ్లీ తీయాలి. గర్భిణి విషయంలో ఇది మరీ ముఖ్యం. వేలి నుంచి తీసిన చుక్కలో క్రిమి కనిపించకపోవచ్చు, అదే సమయంలో మాయలో, అంటే బిడ్డకి ఆహారం అందించే ప్లాసెంటాలో, గుంపులుగా ఉండొచ్చు. ఈ మాట నాకు చెప్పినవాళ్లు లేరు. మళ్లీ రమ్మని కూడా అనలేదు.

మంగళవారం నీరసం. బుధవారం, ఆగస్టు 6 తెల్లవారుజామున మళ్లీ వణుకు. ఈసారి చెమట పట్టాక కూడా తేరుకోలేదు. బాత్రూమ్‌కి నాలుగడుగులు వేస్తే ఆయాసం. అమ్మకి ఫోన్ చేస్తే, "మలేరియానా? మా చిన్నప్పుడు ఏటా వచ్చేదే, ఆ బిళ్లలు మింగి పనికి పోయేవాళ్లం. కంగారు పడకు తల్లీ" అంది. ఆ ధైర్యం విని ఇంకో పూట ఆగేదాన్నే. మా ఆయన ఆగనివ్వలేదు. ఎనిమిదిన్నరకల్లా పెద్దాసుపత్రిలో ఉన్నాం.

అక్కడ ముందు చేసింది రాపిడ్ టెస్ట్. వేలు పొడిచి ఒక్క చుక్క తీసి కార్డు మీద వేశారు. ఫోన్‌లో టైమర్ పెట్టి కార్డు బల్ల మీద ఉంచాడు ల్యాబ్ అబ్బాయి. గులాబీ రంగు కిట్ మీదుగా పాకి, ముందు కంట్రోల్ గీత పడింది. నాలుగైదు నిమిషాలకి దాని పక్కన పల్చగా ఇంకోటి. నేను అటే చూస్తున్నానని గమనించి అతను కార్డుని తనవైపు తిప్పుకున్నాడు. గర్భం తెలిసిన రోజు కూడా రెండు గీతల కోసం ఇలాగే కళ్లు చిట్లించి చూశాను కదా అనిపించి, ఆ పరిస్థితిలో కూడా నవ్వొచ్చింది.

మలేరియాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన ఫాల్సిపేరం రకమని స్మియర్‌లో తేలింది. క్రిములు ఎక్కువ లేవు గానీ ప్లేట్‌లెట్లు 82 వేలకి పడిపోయాయి. జులైలో 10.9 ఉన్న హిమోగ్లోబిన్ 8.6కి పడింది. వెంటనే చేర్చుకున్నారు. ప్రాణం మీదికేమీ రాలేదు గానీ, గర్భిణికి ఫాల్సిపేరం వస్తే ఎప్పుడు తిరగబడుతుందో తెలియదని, ఇంటికి పంపరని చెప్పారు. క్రిమి రక్తంలోని చక్కెరని తినేస్తుందట, గర్భిణుల్లో చక్కెర ఉన్నట్టుండి పడిపోతుందట. అందుకని మొదటి రాత్రంతా నాలుగు గంటలకోసారి వేలు పొడిచారు. బిడ్డ గుండె నిమిషానికి 176 కొట్టుకుంటోంది. నా జ్వరం దిగాక 150కి వచ్చింది. ఆ అంకె తగ్గేదాకా నా జ్వరం సంగతి నాకు పట్టలేదు.

మందు ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్. పూటకి నాలుగు మాత్రలు, మొత్తం 24. సాయంత్రం ఆరింటికి మొదటి డోసు, రెండోది ఎనిమిది గంటలకే, అంటే రాత్రి రెండింటికి. మిగతా నాలుగు డోసులు ఆ తర్వాత రెండు రోజుల్లో, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టవు, కొవ్వున్నదేదైనా తినాలి, కనీసం గ్లాసుడు చిక్కటి పాలైనా తాగాలి. వికారంతో నీళ్లే దిగని మనిషికి ఈ షరతు చాలా కష్టం. మూడో డోసు మింగిన ఇరవై నిమిషాలకి మొత్తం కక్కేశాను. సిగ్గేసి ముందు నర్సుకి చెప్పలేదు. చెప్పాక ఆవిడ కోప్పడలేదు, "అరగంటలోపు కదమ్మా, మళ్లీ వేసుకోవాలి" అని ఇంకో నాలుగు తెచ్చిచ్చింది. చెప్పకపోయుంటే ఒక డోసు ఎగ్గొట్టినట్టే.

గర్భిణి ఈ మందు వేసుకోవచ్చా అని రాత్రి రెండింటికి ఫోన్‌లో వెతికాను. పాత సమాచారం భయపెట్టింది, క్వినైనే వాడాలని, ఇది వద్దని రాసుంది. పొద్దున డాక్టర్‌గారిని అడిగితే, ఆ జాగ్రత్త మొదటి మూడు నెలల గురించనీ, 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నెలలకి కూడా ఇదే మందు ఇవ్వచ్చని సిఫారసు మార్చిందనీ చెప్పారు. నాది ఆరో నెల కాబట్టి ఆ చర్చే లేదన్నారు.

ఆగస్టు 9 పొద్దున ఆఖరి డోసు. ఆ రోజు స్మియర్ నెగెటివ్. 10న ఇంటికి పంపారు. నాలుగు రోజులు, రెండు సెలైన్ సూదులు, వేలి కొసల మీద లెక్కపెట్టలేనన్ని పోట్లు. అయిపోయింది అనుకున్నాను.

ఆసుపత్రిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి, తర్వాతిదంతా దాంతో ముడిపడి ఉంది. పక్క మంచం మీద మూడో కాన్పుకి దగ్గరపడ్డ ఒకావిడ ఉండేది, పుట్టి పెరిగింది ఇక్కడే. నేను అక్కా అనేదాన్ని. నెలవారీ పరీక్షకి వస్తే మామూలుగా చేసిన టెస్టులో ఆవిడకి కూడా ఫాల్సిపేరం దొరికింది. జ్వరం లేదు, వణుకు లేదు. "నాకేం లేదు చెల్లీ, వీళ్లే ఉంచేశారు" అని కాళ్లు చాపుకుని కూర్చుని కబుర్లు చెప్పేది. అదే క్రిమి, అదే మందు. నేను మంచం మీంచి లేవలేను, ఆవిడ వార్డంతా తిరిగేది. అమ్మ చిన్నప్పుడు తట్టుకుంది, అక్క ఇప్పుడు తట్టుకుంటోంది, నా ఒంట్లోనే ఏదో లోటుందని కుమిలిపోయాను. రక్తం తక్కువ, తిండి తక్కువ, అందుకే బిడ్డకి ముప్పు తెచ్చిపెట్టానని.

దానికి జవాబు ఆ వార్డుకి వచ్చే ఒక పరిశోధకురాలి దగ్గర దొరికింది. మలేరియా వచ్చిన గర్భిణుల నుంచి రక్తం, పురుడయ్యాక మాయ, బొడ్డుతాడు రక్తం సేకరిస్తారు. అంగీకార పత్రం ఏడు పేజీలుంది. నేను ప్రతి పేజీకీ రెండు ప్రశ్నలు వేశాను, ఆవిడ విసుక్కోకుండా కూర్చుని చెప్పింది.

ఫాల్సిపేరం దూరిన ఎర్ర రక్తకణాన్ని మన కడుపులోని ప్లీహం అనే అవయవం పట్టుకుని నాశనం చేస్తుంది. అక్కడికి పోకుండా తప్పించుకోడానికి ఆ కణం రక్తనాళాల గోడలకి అతుక్కుంటుంది. అతుక్కోడానికి ఒక జిగురు ప్రోటీన్‌ని పైన బయటపెడుతుంది. అలాంటి ప్రోటీన్లు దాని దగ్గర అరవై దాకా ఉంటాయి, ఒకటి పట్టుబడితే ఇంకోటి తీస్తుంది. మలేరియా ఉన్నచోట పెరిగిన పిల్లలు ఏటా జ్వరం పడుతూ వాటిలో చాలావాటికి యాంటీబాడీలు తయారుచేసుకుంటారు. పెద్దయ్యేసరికి క్రిమి ఒంట్లో ఉన్నా జబ్బు చేయదు. అమ్మ చెప్పిన ధైర్యం ఇదే. తన వయసుకి, తన ఊరికి అది నిజం. నేను ఆ జ్వరాలు ఎరగను కాబట్టి ఆ యాంటీబాడీలూ నాకు లేవు.

అసలు విషయం తర్వాత చెప్పింది. ఆ జ్వరాలన్నీ పడ్డ ఆడదైనా మొదటి గర్భంలో మళ్లీ కొత్తే. మాయ అనేది అప్పటిదాకా ఒంట్లో లేని అవయవం. దాని పైపొరలో కాండ్రాయిటిన్ సల్ఫేట్ ఏ అనే చక్కెర పదార్థం ఉంటుంది. దాన్ని పట్టుకోడానికి క్రిమి వార్2సీఎస్‌ఏ అనే ప్రత్యేకమైన ప్రోటీన్ తొడుక్కుంటుంది. ఇది గర్భం ఉన్నప్పుడే పనికొచ్చే కొక్కెం, కాబట్టి అంతకుముందు ఎవరి ఒంటికీ దాంతో పరిచయం ఉండదు. మాయలోని క్రిములు ఈ పదార్థానికే అతుక్కుంటాయని 1996లో మీకల్ ఫ్రీడ్, ప్యాట్రిక్ డఫీ కెన్యా తల్లుల మాయలు పరీక్షించి చెప్పారు. ఆ కొక్కెం ఏదో తేలడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. ఒకసారి మాయలో క్రిమిని ఎదుర్కొన్న తల్లికి ఆ కొక్కేనికి కూడా యాంటీబాడీలు తయారవుతాయి, కాన్పు కాన్పుకీ పెరుగుతాయి. అందుకే మలేరియా ఎక్కువున్న చోట్ల దెబ్బ ఎక్కువగా తగిలేది తొలిచూలు బిడ్డకే. అక్కకి అది మూడో కాన్పు.

"అంటే నా తప్పేం లేదా?" అని అడిగాను. "దోమతెర సంగతి వదిలేస్తే లేదు" అంది. నవ్వుతూనే అంది.

సంతకం పెట్టాను.

ఆగస్టు 20న పద్నాలుగో రోజు పరీక్ష. ఆసుపత్రి దూరమని, బయట ఒక ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను. అక్కడ స్మియర్ బదులు రాపిడ్ టెస్ట్ చేసి ఫోన్ చేశారు, పాజిటివ్ అని. కూర్చున్న కుర్చీలోంచి లేవలేకపోయాను. మందు పని చేయలేదు, మళ్లీ మొదటికొచ్చింది అనుకున్నాను. ఆ సాయంత్రం ఐదు నుంచి రాత్రి తొమ్మిదింపావుకి డాక్టర్‌గారు ఫోన్ ఎత్తేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు: ఆ కిట్ వెతికేది క్రిమిని కాదు, క్రిమి వదిలిన హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీన్‌ని. క్రిమి చచ్చాక కూడా అది వారాల తరబడి రక్తంలో తిరుగుతుంది. చికిత్స అయ్యాక చూడాల్సింది స్మియరే. మర్నాడు తీసిన స్మియర్ నెగెటివ్. సెప్టెంబరు 3న, ఇరవై ఎనిమిదో రోజున తీసిందీ నెగెటివ్. ఎవరికైనా నా మాటగా చెప్పండి, తిరిగి పరీక్షకి వెళ్లినప్పుడు చీటీ మీద 'స్మియర్' అని రాయించుకోండి.

ఆ రోజుతో మలేరియా ముగిసింది. సెప్టెంబరు 8 నుంచి ఇంకోటి మొదలైంది.

28 వారాలకి బిడ్డ ఎదుగుదల కొలిచే గ్రోత్ స్కాన్. ఇరవయ్యో వారంలో బిడ్డ బరువు 44వ పర్సెంటైల్‌లో ఉండేది. ఇప్పుడు 12. అంటే ఇదే వయసు వంద మంది బిడ్డల్ని బరువు ప్రకారం వరుసలో నిలబెడితే కింది నుంచి పన్నెండోది. స్కాన్ చేసినావిడ మామూలుగా కబుర్లు చెప్తూ చేస్తుంది. పొట్ట చుట్టుకొలత దగ్గర ఆగి, కబుర్లు మానేసి, అదే కొలత మూడుసార్లు తీసింది. గదిలో మెషీన్ శబ్దం తప్ప ఇంకేం లేదు. అప్పుడే తెలిసిపోయింది.

సెప్టెంబరు 29, 31 వారాలు: 6వ పర్సెంటైల్, 1,400 గ్రాములు. బొడ్డుతాడులో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్‌లో ఆ పారుదల కాస్త బిగుసుకున్నట్టు కనిపించింది. క్రిమి పోయి రెండు నెలలు కావస్తుంటే బిడ్డ ఎందుకు పెరగడం లేదని నిలదీసినట్టే అడిగాను. మలేరియా వల్లే అని ఖాయంగా చెప్పలేమని, మాయ చేతికొచ్చాకే తెలుస్తుందని డాక్టర్‌గారన్నారు. కానీ జరగడానికి వీలున్న దారి కాగితం మీద గీసి చూపించారు.

మాయలో తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవవు. తల్లి రక్తం మడుగులా నిలుస్తుంది, బిడ్డ వైపు నుంచి వచ్చే సన్నటి పోగులు నీళ్లలో వేళ్లలా అందులో ఆడుతూ కావలసింది తీసుకుంటాయి. ఆ మడుగులో క్రిమి పట్టిన కణాలు పేరుకుంటే వాటిని తినెయ్యడానికి మోనోసైట్లనే తెల్లకణాలు చేరతాయి. క్రిమిని చంపడం వాటి పని, ఆ పని బాగానే చేస్తాయి. చేస్తూ టీఎన్‌ఎఫ్ లాంటి వాపు రసాయనాలు వదులుతాయి, అవి ఇంకా కొన్ని మోనోసైట్లని పిలుస్తాయి. ఆ వాపులో పోగులకి అమైనో ఆమ్లాలు అందించే యంత్రాంగం మందగిస్తుంది, పెరుగుదల హార్మోన్లు తగ్గుతాయి, మాయలో రక్తనాళాలు అల్లుకోవలసినంతగా అల్లుకోవు. క్రిమి పోయింది గానీ, క్రిమి కోసం వచ్చిన జనం ఇంకా పోలేదన్నమాట.

ఇది జీర్ణించుకోడానికి చాలా రోజులు పట్టింది. అంతకు ముందు నా ఒంటికి శక్తి లేక బిడ్డకి ఇలా అయిందని ఏడ్చాను. ఇప్పుడేమో నా ఒళ్లు పోరాడబట్టే బిడ్డకి అన్నం తగ్గిందంటున్నారు. అక్కలాంటి వాళ్లకి యాంటీబాడీలు ముందే ఉండి కొక్కేన్ని మూసేస్తాయి, క్రిమి మాయకి అతుక్కోలేదు, అక్కడ కొట్లాటే తక్కువ. నాకు ఆ అడ్డం లేదు కాబట్టి కొట్లాట అంతా మాయలోనే జరిగింది. శక్తి ఉండటం వేరు, గురి ఉండటం వేరు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కొన్ని రాత్రులు అదీ పని చేయలేదు.

అక్టోబరు, నవంబరు నెలలు వెయిటింగ్ హాల్లో గడిచిపోయాయి. వారానికోసారి డాప్లర్, రెండు వారాలకోసారి గ్రోత్ స్కాన్, మధ్యలో బిడ్డ గుండె చప్పుడు కాసేపు నమోదు చేసే ఎన్‌ఎస్‌టీ పరీక్ష. స్కాన్ పది నిమిషాలు, దానికోసం కూర్చునేది సగటున మూడు గంటలు. ఎన్‌ఎస్‌టీ ఇరవై నిమిషాలని చెప్తారు, బిడ్డ నిద్రలో ఉంటే నలభై అవుతుంది. ఉదయం మొదటి టోకెన్ దొరికితే రెండు గంటలు కలిసొస్తుంది. మలేరియా మాత్రలు ఉచితం. మమ్మల్ని పిండేసింది స్కాన్లు, ఇనుము ఇంజెక్షన్లు, రాకపోకలు. నాకు 23 రోజులు జీతం లేని సెలవు పడింది, మా ఆయన సెలవులన్నీ పురుడు రాకముందే అయిపోయాయి. ఇది ముందే తెలిసుంటే ఆయన్ని ప్రతి స్కాన్‌కీ రమ్మనేదాన్ని కాదు.

హిమోగ్లోబిన్ పెంచడానికి ఇనుము సెలైన్‌లో రెండుసార్లు ఎక్కించారు. రక్తం అవసరం పడలేదు. రోజూ కదలికలు లెక్కపెట్టి గోడ మీది క్యాలెండర్‌లో రాసేదాన్ని. బిడ్డ చిన్నదే గానీ తన్నుడు మాత్రం చిన్నది కాదు.

అక్టోబరు 13, 33 వారాలు. డాప్లర్ ఇంకొంచెం బిగుసుకుంది. ఏ క్షణానైనా తీయాల్సి రావచ్చని బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు నాలుగు, పన్నెండు గంటలకొకటి ఇచ్చారు. ఆ రెండు రోజులు ఆసుపత్రిలోనే. తర్వాతి డాప్లర్‌లో మార్పు లేదు, ఇంకా దిగజారలేదు. అలా వారం వారం నెట్టుకొచ్చాం. 37 దాటాక లోపల ఉంచితే లాభం కన్నా ముప్పు ఎక్కువని నవంబరు 10న, సోమవారం, నొప్పులు రావడానికి జెల్ పెట్టారు. మర్నాడు తెల్లవారుజామున 4:20కి మామూలు కాన్పే. ఆడపిల్ల. 2,180 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది, గదిలో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

మాయ గొడవ అప్పుడు జరిగింది. పరిశోధకురాలు నా కేస్ షీట్ మీద పెద్దక్షరాలతో 'మాయ భద్రపరచాలి' అని రాసిపెట్టింది. రాత్రి డ్యూటీ మారింది, కొత్తగా వచ్చినవాళ్లు చూసుకోలేదు. కుట్లు వేయించుకుంటూ తల తిప్పి చూస్తే ఆయమ్మ మాయని పసుపు రంగు చెత్త కవర్లో పెట్టి ముడి వేస్తోంది. "ఆగండాగండి, అది కావాలి!" అని అరిచాను. బిడ్డని చూసి కూడా అంత గట్టిగా అరవలేదు. మా ఆయన 4:40కి పరిశోధకురాలికి ఫోన్ చేశారు. ఆవిడ జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తుకొచ్చి, బొడ్డుతాడు నుంచి రక్తం తీసి, మాయని తూచి, ముక్కలు కోసి ఫార్మలిన్ డబ్బాలో వేసింది. 340 గ్రాములు. ముదురు ఎరుపులో, నా రెండు అరచేతులు చేర్చినంత ఉంది. తొమ్మిది నెలల్లో నా ఒళ్లు ఇంత పని చేసిందా అనిపించింది. మీకూ పరీక్ష అవసరమైతే మాట రాతలో ఉంటే చాలదు, కాన్పు గదిలోకి వెళ్లగానే నోటితో చెప్పండి, వెంట ఉన్నవాళ్ల చేత కూడా చెప్పించండి.

పాపకి మొదటి పరీక్షలో చక్కెర 41. పాలు పట్టాక పెరిగింది. మూడు గంటలకోసారి మడమ మీద సూది గుచ్చినప్పుడల్లా నాకే గుచ్చినట్టుండేది. ఒళ్లు చల్లబడకుండా రోజంతా నా గుండెల మీదే పడుకోబెట్టుకున్నాను, రాత్రిపూట మా ఆయన. బొడ్డుతాడు రక్తంలో, పాప మడమ రక్తంలో క్రిమి లేదు. అయినా మొదటి నెలల్లో ఏ జ్వరం వచ్చినా, మామూలు జలుబు జ్వరమే అనిపించినా, మలేరియా సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలన్నారు. తల్లి నుంచి వచ్చిన మలేరియా పుట్టిన కొన్ని వారాలకి గానీ బయటపడకపోవచ్చట. పిల్లల డాక్టర్ ఇంకొకటి కూడా నొక్కి చెప్పారు. కడుపులో ఉండగా తల్లి యాంటీబాడీలు మాయ గుండానే బిడ్డకి చేరతాయి, మాయలో మలేరియా పట్టిన బిడ్డలకి తట్టు లాంటి వాటి యాంటీబాడీలు తక్కువగా అందినట్టు కొన్ని పరిశోధనల్లో కనబడింది, కాబట్టి టీకాల్లో ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దని. నవంబరు 15న ఇంటికొచ్చాం.

మాయ రిపోర్టు పది రోజుల్లో ఇస్తామన్నారు, ఇరవై నాలుగు రోజులు పట్టింది. డిసెంబరు 5. 'క్రిములు లేవు. ఫైబ్రిన్‌లో మలేరియా వర్ణకం ఉంది. పాత ఇన్‌ఫెక్షన్.' అంతే, మూడు వాక్యాలు. క్రిమి వదిలిన రంగు పదార్థం మాయలో రక్తం గడ్డకట్టే పోగుల్లో మిగిలిపోయిందని అర్థం. రెండు నెలలుగా 'ఖాయంగా చెప్పలేం' అన్న మాట వింటూ వచ్చిన నాకు ఆ కాగితం చూస్తే ఏడుపు రాలేదు, ఒక రకమైన స్థిమితం వచ్చింది. బరువు తగ్గడానికి అదొక్కటే కారణమని ఇప్పటికీ ఎవరూ రాసివ్వరు. కానీ అది మాయ దాకా వచ్చి వెళ్లిన మాట నిజం.

అక్క నవంబరు మొదటివారంలోనే వార్డులో మళ్లీ కనిపించింది, చిన్నవాడికి టీకా కోసం. వాడు పుట్టినప్పుడు 2,900 గ్రాములట. ఇద్దరు తల్లుల్ని పక్కపక్కన పెట్టి లెక్క తేల్చకూడదని పరిశోధకురాలు ముందే హెచ్చరించింది. అయినా తేల్చకుండా ఉండలేకపోయాను.

2026 జనవరి 12న పాపకి రెండు నెలల టీకాకి వెళ్లినప్పుడు పైఅంతస్తులో ఆవిడ ల్యాబ్‌కి వెళ్లాం. పాప 4,050 గ్రాములు తూగింది, ఆ ఆనందంలో ఉన్నాం. మళ్లీ గర్భం వస్తే ఏంటి పరిస్థితి అని అడిగాను. ఆ కొక్కేనికి నాలో యాంటీబాడీలు తయారయ్యాయని నా నమూనాల్లో కనిపించిందట. కానీ ఒక్కసారి పడ్డ జ్వరంతో వచ్చినవి ఎన్నాళ్లుంటాయో చెప్పలేమంది, వాటిని నమ్ముకుని దోమతెర చుట్టెయ్యొద్దంది. ఆఫ్రికాలో మలేరియా ఎక్కువున్న చోట్ల గర్భిణులకి రెండో త్రైమాసికం నుంచి ముందస్తుగా మందిస్తారట. అది లేనిచోట మొదటి పరీక్ష నుంచీ జ్వరం లేకపోయినా రక్తం చూపించుకోవాలంది. వార్2సీఎస్‌ఏ మీద గురిపెట్టిన టీకాలు రెండింటిని మనుషుల్లో పరీక్షించారు, ఇంకా ఆసుపత్రుల దాకా రాలేదు.

తర్వాత తనే అడిగింది, "మీ స్లైడ్ చూస్తారా?" అని.

స్లైడ్ మీద నా పేరు లేదు, ఒక నంబరుంది. మైక్రోస్కోప్‌లో కన్ను ఆనిస్తే మొదట గులాబీ రంగు మసక. ఆవిడ మర తిప్పింది. పోగులు పోగులుగా మాయ, ద్వీపాల్లా. వాటి మధ్య లేత గులాబీ చారికలు, ఆ చారికల్లో అక్కడక్కడా గోధుమ-నలుపు చుక్కలు, పెన్సిల్ ముక్కు గీరితే రాలే పొడిలా. క్రిమి మన రక్తం తిని వదిలిన మురికట అది. ఎన్ని ఉన్నాయో లెక్కపెడదామని మొదలుపెట్టాను, పదకొండు దాకా వచ్చాను. వెనకాల మా ఆయన చేతుల్లో పాప ఆకలికి గుక్కపట్టింది. లెక్క వదిలేసి వెళ్లి ఎత్తుకున్నాను.